ముఖం చూసి చెప్పిన మాట

నంద్యాల నుంచి వచ్చిన ఎస్‌ఐ దెబోరా సోమవారం ఆళ్లగడ్డ స్టేషను ముందు జీపు దిగేసరికి మద్దయ్యను కోర్టుకు తీసుకుపోతున్నారు. అతని కింది పెదవి చిట్లి ఒకవైపు వాచిపోయి ఉంది. ఆదివారం సాయంత్రం ఆళ్లగడ్డ బస్టాండులో జనం పట్టుకొని కొట్టిన దెబ్బలవి. పోలీసులు పోయి విడిపించి ఉండకపోతే ఇంకా కొట్టేవాళ్ళే. నల్లమల అంచున ఉన్న చెంచు గూడెం మనిషి. అడవిలో తేనె, కుంకుడుకాయలు, బంక ఏరుకొచ్చి ఇక్కడి శెట్ల అంగళ్ళలో అమ్ముకుంటాడు. జీపు ఎక్కించాక సీటు కొసన, సగం గాలిలోనే కూర్చున్నాడు, తన బట్టలకు సీటు మాసిపోతుందేమో అన్నట్టు. ఆ కూర్చున్న తీరునే దెబోరా జీపు కదిలేదాకా జాలిగా చూస్తూ నిలబడింది.

ప్రహరీగోడ నీడలో అతని భార్య నాగేశ్వరమ్మ నిలబడి ఉంది. జీపు కదిలిపోయాక నేరుగా దెబోరా దగ్గరికి వచ్చింది.

"ఆదివారం నాతోనే ఉండె మేడమ్. ఇద్దరమూ అడివిలోనే ఉంటిమి. సాయంత్రం బస్సు దిగేదాకా ఊర్లోకే రాల్యా."

దెబోరా నమ్మింది. ఎందుకు నమ్మిందో అప్పుడు తనను తాను అడుక్కోలేదు.

లోపల సీఐ రాజరత్నం టీ తెప్పించి కేసు చెప్పాడు. అడవి సరుకు వ్యాపారం చేసే మహానందయ్య అనే పెద్దాయన ఆదివారం మధ్యాహ్నం తన ఇంటి వెనక గోడౌన్ మెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. ఇప్పుడు కర్నూలు ఆస్పత్రిలో తెలివి లేకుండా ఉన్నాడు. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది ఆయన మనుమరాలు హర్షిణి ఒక్కతే. మద్దయ్య ఆ సందులో నుంచి వేగంగా నడిచిపోతుంటే టీకొట్టు మనిషి చూశాడు.

"పాప గూడా చెప్పిందమ్మా, మద్దయ్యే తోసినాడని. కాకపోతే నేనడిగిన పద్ధతి కోర్టులో నిలబడదంట. ఆడ ఆఫీసరు అడగాల, ఇంటికాడ్నే అడగాల, వీడియో తియ్యాల. అందుకే నిన్ను పిలిపించింది."

"మీరెట్ల అడిగినారు సార్?"

"ఎట్లేముంది? మద్దయ్యేనా తోసింది అన్నా. ఊ అనింది."

"అప్పుడు చుట్టూ జనం ఉన్నారా?"

"వీధి వీధంతా ఉండారు." రాజరత్నం గ్లాసు కింద పెట్టాడు. "పాప తల్లి గుళ్ళో భజనకు పోయింది. పాప నాయన, ముసలాయన కొడుకు లోకేశ్ చాగలమర్రిలో పెండ్లికి పోయినానంటాడు. తండ్రికీ కొడుక్కీ పడదు లే, అది వేరే సంగతి. ఈ బంక, తేనె మానేసి సెల్‌ఫోన్ల షాపు పెడతానని వాడు, నా పీనుగ లేసినంక పెట్టుకో అని ముసలాయన. ఊరందరికీ తెలిసిందే."

వేరే సంగతి అని ఆయన పక్కన పెట్టేసిన మాటను దెబోరా మనసులో దాచుకుంది.

మహానందయ్య అంగడి, ఇల్లు, గోడౌన్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందు వీధిలో అంగడి, నడుమ ఇల్లు, వెనక సందులోకి దిగే రాతి మెట్ల పక్కన గోడౌన్. ఇంట్లో ఏ మూల నిలబడినా తేనె వాసన, కుంకుడుకాయల ఘాటు కలిసి వస్తాయి. మంగళవారం పొద్దున హెడ్ కానిస్టేబుల్ సుబ్బయ్య మిద్దెమీది గదిలో కుట్టుమిషను పైన ఫోను నిలబెట్టి, ఇద్దరి ముఖాలూ పడేటట్టు సర్ది, బయట వరండాలో కూర్చున్నాడు. పాప తల్లి వరలక్ష్మి తలుపు పక్కన గోడకు ఆనుకొని నిలబడింది.

హర్షిణికి ఏడేళ్ళు. ముందరి పన్ను ఒకటి ఊడి ఉంది. చాప కొసన ఊడిన ఈనెను వేలికి చుడుతూ కూర్చుంది. పిల్లలను మాట్లాడించడం తనకు బాగా వచ్చని దెబోరా నమ్మకం. పాప చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మద్దయ్య తెలుసా నీకు?"

"తెలుసు. తేనె తెస్తాడు."

"మంచోడేనా?"

పాప తలెత్తి చూసింది. "మంచోడే."

"మంచోడు తాతను తోస్తాడా బంగారూ?"

పాప వేలికున్న ఈనె బిగుసుకుంది. మళ్ళీ తలెత్తి చూసింది. "తోయడు."

దెబోరాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "భయపడొద్దు. ఎవరి పేరు చెప్పినా నిన్నెవరూ ఏమనరు. ఇంట్లోవాళ్ళ పేరైనా సరే. తాతకు ఇంట్లో ఎవరితోనన్నా కొట్లాట అయితాంటుందా?"

"నాయనతో అయితాది."

"ఆదివారం గూడా అయిందా?"

పాప ఈసారి చాలాసేపు చూసింది. "అయింది."

"నాయన ఏం చేసినాడు?"

"తోసినాడు."

తలుపు దగ్గర వరలక్ష్మి గాజులు ఒక్కసారి గోడకు తగిలి చప్పుడయ్యాయి. దెబోరా పాపను దగ్గరికి తీసుకొని వీపు నిమిరింది. ఆ తర్వాత పాప తనంతట తానే ఇంకా చెప్పింది. నాయన ఎర్ర చొక్కా వేసుకున్నాడని, రెండు చేతులతో తోసినాడని, గట్టిగా అరిచినాడని. దెబోరా ఒక్కొక్కదానికీ తల ఊపింది. కిందికి దిగుతూనే రాజరత్నానికి ఫోన్ చేసింది.

"సార్, కొడుకు."

ఆ మాట అంటున్నప్పుడు తన గొంతులో సంతోషం ఉందని ఆమెకు మరుసటి రోజు గానీ తెలియలేదు.

బుధవారం నంద్యాలలో తన స్టేషనులో కూర్చొని ఆ వీడియోను కాగితం మీదికి ఎక్కించబోయింది. కంప్యూటరుకు స్పీకరు పనిచేయడం లేదు. పక్క గదిలో నుంచి ఇయర్‌ఫోన్లు తెమ్మని కానిస్టేబులును పంపి, అతను వచ్చేలోపు ఊరకే బొమ్మను నడిపించింది.

మాటలు లేకపోయేసరికి ముఖాలు మాత్రమే మిగిలాయి.

ముందు ఆమె పాపనే చూసింది. పెదవులు కదిలే ముందు ప్రతిసారీ కళ్ళు పైకి లేస్తున్నాయి. కళ్ళు లేస్తాయి, ఒక క్షణం ఆగుతాయి, అప్పుడు పెదవులు కదులుతాయి. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. ఒక్క జవాబు కూడా తప్పలేదు. ఆ కళ్ళు ఎక్కడికి లేస్తున్నాయో తెలుసుకోవాలనిపించి ఈసారి బొమ్మలో రెండో మనిషిని చూసింది.

అది తన ముఖమే. అయినా ఎప్పుడూ చూడని ముఖం. మద్దయ్య మాట వచ్చినచోట కనుబొమలు దగ్గరపడి, తల అడ్డంగా కదిలీ కదలనట్టు కదిలింది. కొడుకు మాట వచ్చినచోట నోరు కొద్దిగా తెరుచుకుంది, ఒళ్ళంతా ముందుకు వంగింది, ఆకలి మీద ఉన్న మనిషి ముందు విస్తరి వేసినట్టు. ఏ ప్రశ్నకు ఏ జవాబు కావాలో మాటలు వినకుండానే ఆ ముఖంలో చదువుకోవచ్చు. రెండో తరగతి పిల్లకు చదవడం ఎంత పని?

కానిస్టేబులు ఇయర్‌ఫోన్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె వాటిని ముట్టుకోలేదు.

అప్పుడే రాజరత్నం ఫోన్. లోకేశ్‌ను కర్నూలు ఆస్పత్రిలో తండ్రి మంచం దగ్గర నుంచి పిలిపించి రాత్రంతా స్టేషనులో కూర్చోబెట్టారట. పొద్దున్నే చాగలమర్రి పెండ్లివాళ్ళు వీడియో పంపారు. ముసలాయన పడిన సమయానికి లోకేశ్ అక్కడ పంక్తిలో నెయ్యి వడ్డిస్తున్నాడు. చొక్కా కూడా ఎర్రది కాదు.

"ఆ పాపకు నోటికొచ్చింది చెప్పే అలవాటు ఉన్నట్టుండాదమ్మా. ఆయప్పను పంపించేసినా. పాప సంగతి ఇంగ వదిలేద్దాం. టీకొట్టోని సాక్ష్యం ఉండనే ఉండాది. ముసలాయన పోయినాడంటే మద్దయ్య మింద హత్య కేసే."

"పాప అబద్ధమాడలేదు సార్," అంది దెబోరా, కంప్యూటరులో ఆగిపోయిన తన ముఖం వైపు చూస్తూ. "మీకు కావాల్సింది మీకిచ్చింది, నాకు కావాల్సింది నాకిచ్చింది."

"మరి నిజం ఎవరికిచ్చినట్టు?"

"అది మనం అడగలేదు సార్."

రాజరత్నం మొండిమనిషి కాదు. తొందరమనిషి. "ఇంగొకసారి పో," అన్నాడు చివరికి. "ఇదే ఆఖరు."

గురువారం అంగడి గడప దగ్గరే లోకేశ్ ఎదురుపడ్డాడు. గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"మళ్ళా యాలొచ్చినారు మేడమ్? ఈసారి వాళ్ళమ్మ పేరు చెప్పిస్తారా?"

"తప్పు నాది లోకేశ్ గారూ. పాపది కాదు," అంది దెబోరా. "పాపను ఏమన్నా అంటిరా?"

"అనడానికి అది నా ముఖం చూస్తేగా." అతను పక్కకు తప్పుకున్నాడు. "నేను ఇంట్లోకొస్తే అది మిద్దెక్కుతాది."

మిద్దె మెట్లెక్కుతూ దెబోరా ఒక నిర్ణయానికి వచ్చింది. ఈసారి ముఖంలో ఏదీ కనబడనివ్వకూడదు. సంతోషం లేదు, జాలి లేదు, కోపం లేదు. కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది, ముఖాన్ని గట్టిగా బిగించింది.

"ఆదివారం ఏం జరిగిందో చెప్పు పాపా."

హర్షిణి చూసింది. అలవాటైన చోట వెతికింది. ఏమీ దొరకలేదు. ఈనె వదిలేసి రెండు చేతులూ గౌను కింద దాచుకుంది.

"నా మింద కోపమా మేడమ్?"

"లేదే."

"మరి అట్లుండావు?" పాప గొంతు సన్నబడింది. "శిల్పాలు చేసేకాడ అమ్మోరు ఉంటాది. ఇంగా కండ్లు చెక్కకముందు. అట్లుండావు."

ఆళ్లగడ్డ బజారులో ఆ శిల్పుల కొట్టాల ముందు నుంచి దెబోరా ఎన్నోసార్లు జీపులో పోయింది. రాతి దుమ్ము, ఉలి చప్పుడు తప్ప ఎప్పుడూ పట్టించుకోలేదు. "కండ్లు ఎప్పుడు చెక్కుతారు?" అని అడిగేసింది, అడగాలని అనుకోకుండానే.

"అన్నిటికంటే ఆఖర్న."

"ఎందుకు?"

పాప ఆలోచించింది. "నాకు తెలీదు."

"నాకూ తెలీదు," అంది దెబోరా.

ఆ మాట అనగానే తన దవడలు వదులయ్యాయని ఆమెకు తెలిసింది. ఈ ఒక్క ప్రశ్న అడిగేటప్పుడు తాను దేనినీ దాచుకోవలసిన అవసరం రాలేదు. జవాబు ఇలా ఉంటే బాగుండునన్న కోరిక లేదు. ఊరకే తెలుసుకోవాలనిపించింది, అంతే. ఆదివారం గురించి కూడా తనకు తెలిసింది ఇంతే కదా. ఏమీ తెలియదు. తెలిసినట్టు ఎందుకు వచ్చింది ఈ ఇంటికి?

లేచి చాపను కిటికీ వైపు తిప్పింది. పాపకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది. ఇద్దరికీ వెనక సందు, గోడౌన్ రేకులు కనబడుతున్నాయి. సుబ్బయ్య లోపలికి వచ్చి ఏమీ అనకుండా కుట్టుమిషనును ఇటు జరిపి, ఫోను సర్ది పోయాడు.

"చూడు పాపా. ఆదివారం నేను ఈడ లేను. నంద్యాలలో ఉంటి. ఏం జరిగిందో నాకు తెలీదు. నీకు తెలిసింది చెప్పు. తెలీకుంటే తెలీదు అను. నేను తప్పు చెప్తే తప్పు అను. నువ్వు ఐదో తరగతి గదా?"

పాప తల తిప్పి చూసింది. "రెండో తరగతి."

"అయితే నేను తప్పు చెప్పినానా?"

"తప్పే చెప్పినావు." ఊడిన పన్ను సందు కనబడింది.

"మంచిది. ఇంగ ఆదివారం మొదట్నుంచి చెప్పు."

మొదటి నుంచి అంటే పాపకు నిజంగా మొదటి నుంచే. పొద్దున తలకు పోసుకున్నది, కంట్లో కుంకుడు పడింది, అమ్మ భజనకు పోయేటప్పుడు కొత్త చెప్పులు కరిచాయని పాతవి వేసుకుంది. తాత చిత్రాన్నం తిన్నాడు. పల్లీలు ఏరి పక్కన పెట్టాడు. దెబోరా తొందర పెట్టలేదు. ఊ కొట్టింది, అంతే. చెబుతూ చెబుతూ పాప చూపు సందు వైపు పోయింది.

"నేను మెట్ల పైన కుంకుడుకాయల మూట మింద కూర్చోనుంటి. అప్పుడు మద్దయ్య వచ్చినాడు."

వచ్చాడు. సాయంత్రం దాకా ఊర్లోకే రాలేదని నాగేశ్వరమ్మ చెప్పింది, మద్దయ్యా స్టేషనులో అదే చెప్పాడు, దెబోరా నమ్మింది. సరిగ్గా చూసినావా, అది ఆదివారమేనా, ఇంకో రోజు కాదా అన్న ప్రశ్నలు నాలుక మీదికి వచ్చి కూర్చున్నాయి. అవి జవాబు కావాలనుకునే మనిషి ప్రశ్నలు కావు. జవాబు వద్దనుకునే మనిషి ప్రశ్నలు. ఒళ్ళో చేతులను ఒకదానితో ఒకటి నొక్కిపట్టింది.

"వచ్చినాడు. తర్వాత?"

"డబ్బాలో తేనె తెచ్చినాడు. తాత వత్తి ఎలిగించినాడు."

"వత్తి ఎందుకు?"

ఇది కూడా ఆమెకు తెలియదు. పాప ఈసారి పూర్తిగా తిరిగి కూర్చుంది. "దూది వత్తి చేసి తేనెలో ముంచాల. మళ్ళా అగ్గిపుల్ల గీసి అంటించాల. బాగ మండితే మంచి తేనె. చిటపట అంటే కాదు." ఒక చేతి వేళ్ళతో వత్తి చేసి, రెండో అరచేతిలో ముంచి చూపించింది. "చిటపట అనె. తాత, ఇది బెల్లం పాకం రా అనె. మద్దయ్య, కాదు శెట్టీ, వానకు తడిసిన తేనెపట్టు అనె. తాత ఇనలే. కాలవలో పోస్తా అని డబ్బా ఎత్తినాడు."

పాప లేచి నిలబడింది. ఇప్పుడు దెబోరా ముఖం వైపు చూడడం లేదు. ఆమె చూస్తున్నది గాలిలో ఉన్న డబ్బాను.

"డబ్బాకు కమ్మీ ఉంటాదే, అది మద్దయ్య పట్టుకున్నాడు. తాత ఇట్ల గుంజె. మద్దయ్య ఇట్ల గుంజె. మళ్ళా తాత ఇట్ల. తాత వెనక మెట్లు." ఆగింది. "తాత, వదల్రా అనె. గట్టిగా. ఇంగో మాట గూడా అనె."

"తాత అన్న మాటే గదా. చెప్పొచ్చు."

"వదల్రా నా కొడకా అనె." నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, తీసేసింది. "వదిలేసినాడు."

సందులో ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు.

"వదిలేసినాడు," అంది దెబోరా మెల్లగా. "తర్వాత?"

"తాత వెనక్కి పోయినాడు. మెట్ల మింద. దబ్బున."

పాప కూర్చుంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. ఆ నిశ్శబ్దాన్ని ఏదో ఒక మాటతో నింపకుండా ఉండడం దెబోరాకు ముఖాన్ని బిగించడం కంటే ఎక్కువ కష్టమైంది.

"నేను నవ్వినా," అంది హర్షిణి.

అయ్యో తల్లీ అన్న మాట పళ్ళ దాకా వచ్చింది. దాని వెనకే నవ్వితే ఏమయితాదిలే అన్నదీ వచ్చింది. రెండూ ప్రేమ మాటలే. ఏది అన్నా పాప అక్కడితో ఆపేస్తుంది. దెబోరా రెండింటినీ మింగింది.

"నవ్వినావు. తర్వాత?"

"మద్దయ్య నన్ను చూసినాడు. మళ్ళా తాతను చూసినాడు. తాత లేయల్యా. అప్పుడు ఆపేసినా. మద్దయ్య పరిగెత్తినాడు."

"మళ్ళా?"

"అందరూ వచ్చిరి. పోలీసు సారు, మద్దయ్యేనా తోసింది అనె. ఊ అన్నా." పాప ఈనె కోసం చాప కొస వెతికింది. అది ఇప్పుడు వేరే వైపు ఉంది. "లేదంటే, మరి నువ్వేం చేస్తాండావు అని అడుగుతాడు గదా."

ఇంత సేపూ తలుపు పక్కన నిలబడి ఉన్న వరలక్ష్మి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం దెబోరా సబ్‌జైలులో మద్దయ్యను కలిసింది. పాప చెప్పింది ఒక్క మాట కూడా బయటపెట్టలేదు. అతను ఎదురుగా బల్ల కొసన కూర్చున్నాడు. పెదవి వాపు కొద్దిగా తీసింది. మూడు రోజుల కిందట ఆ పెదవి చూసి తనకు కలిగిన జాలి ఇప్పుడూ ఉంది. అబద్ధం చెప్పాడన్న కోపమూ దాని పక్కనే ఉంది. రెండింటినీ అలాగే ఉండనిచ్చి, పాపను అడిగినట్టే అడిగింది.

"ఆదివారం నేను ఈడ లేను మద్దయ్యా. నాకేమీ తెలీదు. మొదట్నుంచి చెప్పు."

అతను ఆమెను చాలాసేపు చూశాడు. ఏ మాట చెబితే ఈ మనిషి సంతోషపడుతుందో వెతుకుతున్నాడు అతనూ. ఆమె ఎదురుచూసింది.

"పోయినానమ్మా," అన్నాడు చివరికి. "తేనె ఇచ్చేదానికి పోయినా."

వత్తి, చిటపట, కాలవ, డబ్బా కమ్మీ అన్నీ వచ్చాయి, మరో ఎత్తు నుంచి చూసిన మనిషి మాటల్లో. "వదల్రా అన్నాడు. వదిలినా."

"మరి సాయంత్రం దాకా ఊర్లోకే రాలేదని ఎందుకు చెప్పినావు?"

"వదలకుండా పట్టుకోనుంటే పడేటోడు గాదు గదమ్మా. అది తోసినట్టా, తోయనట్టా? నాకే తెలీల్యా. నాకే తెలీనిది మీకేం చెప్పేది? రాలేదనేది సులువు." అరచేతులు చూసుకున్నాడు. కమ్మీ కోసిన గీత ఒక అరచేతిలో ఇంకా ఎర్రగా ఉంది. "ఆ పాప నవ్వింది. నవ్వులాటే, ముసలాయన లేస్తాడులే అనుకుంటి. లేయలేదు. పాప నవ్విందని మాత్రం రాయొద్దమ్మా. పసిబిడ్డ."

"రాయాలి మద్దయ్యా. మీ ఇద్దరి మాటా ఒకటేనని తెలిసేది దానితోనే."

రాజరత్నం వీడియో మొత్తం చూశాడు. మద్దయ్య చెప్పింది చదివాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వదల్రా అన్నాడు, వదిలినాడు. దీనికి ఏ సెక్షన్ పెట్టాల్నో నువ్వే చెప్పమ్మా."

"నాకూ తెలీదు సార్."

ఆయన నవ్వలేదు. హత్యాయత్నం సెక్షను తీసేయడానికి కోర్టుకు రాయించాడు. రెండు రోజులకు మద్దయ్యకు బెయిలు వచ్చింది. కేసు పూర్తిగా పోలేదు. పడిపోయిన మనిషిని వదిలి పారిపోయినందుకు జడ్జి ముందు జవాబు చెప్పుకోవలసిందే. జైలు గేటు దగ్గర నాగేశ్వరమ్మ దెబోరాకు దండం పెట్టలేదు.

"మీరు నమ్మాలని చెప్పినా మేడమ్, అడివిలో ఉంటిమని."

"నమ్మినా."

"అట్లయితే నమ్మితే సరిపోదన్న మాట," అని నాగేశ్వరమ్మ మొగుడి చేతిలోని సంచి అందుకొని బస్టాండుకు కాకుండా వేరే దారి పట్టింది. బస్టాండు మీదుగా పోవడానికి ఇద్దరికీ మనసొప్పలేదు కాబోలు.

మహానందయ్య కర్నూలులో కళ్ళు తెరిచాడు. మొదట కాఫీ అడిగాడు. తర్వాత అంగడి ఎవరు తెరిచారని అడిగాడు. ఆదివారం సంగతి మాత్రం ఆయనకు చిత్రాన్నం దాకానే గుర్తుంది. ఆ తర్వాతిది ఆ ఇంట్లో కళ్ళారా చూసింది పాప ఒక్కతే.

వారం తిరిగాక దెబోరా పాప వాంగ్మూలం మీద వరలక్ష్మి సంతకం కోసం ఆ ఇంటికి పోయింది. ఫోను లేదు, సుబ్బయ్య లేడు. వరలక్ష్మి నడుమ ఇంట్లో కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. సంతకం పెట్టి మళ్ళీ చేట ముందుకు లాక్కుంది. హర్షిణి స్తంభం పట్టుకొని చుట్టూ తిరుగుతూ వచ్చి ఎదురుగా ఆగింది.

"ఆ వీడియో జడ్జి చూస్తాడా మేడమ్?"

"చూడొచ్చు."

"నేను నవ్వింది గూడా?"

"అది గూడా ఉంది దాంట్లో."

"మా అమ్మ గూడా చూస్తాదా?"

"అమ్మ ఆ రోజు తలుపుకాడే ఉండె గదా. విన్నది."

పాప తల్లి వైపు చూసింది. వరలక్ష్మి తలెత్తలేదు. ఒక రాయి ఏరి పక్కన వేసింది. ఈ వారం రోజులూ కూతురు ఒక్క కన్నీటి చుక్క కూడా పెట్టలేదని ఆమె వచ్చీరాగానే దెబోరాతో చెప్పింది, అదేదో జబ్బేమోనన్నట్టు.

"తాత ఎట్ల పడినాడో చూపియ్యాల్నా?" అంది హర్షిణి.

చూపించమని గానీ వద్దని గానీ దెబోరా అనలేదు. పాప నడుమ ఇంట్లో నిలబడింది. కాళ్ళు ఎడం చేసి, పొట్ట ముందుకు పెట్టి, లేని డబ్బాను రెండు చేతులతో గుంజింది. ముఖం తాత ముఖమైంది. పెదవి బిగించి, ముక్కు పుటాలు పెద్దవి చేసి, వదల్రా అని గొంతు లావు చేసి అరిచింది. మరుక్షణం చేతుల్లోది వదిలిపోయినట్టు వెనక్కి పోయి దబ్బున కూలబడింది. రెండు కాళ్ళూ పైకి లేచాయి. లేని డబ్బా వచ్చి తన పొట్ట మీద పడింది. దాన్ని రెండు చేతులతో పట్టుకొని, గెలిచింది తనే అయినా ఇట్లెట్లయింది అన్నట్టు, నోరు తెరిచి ఇంటి పైకప్పును చూసింది.

దెబోరాకు నవ్వు వచ్చింది. ఆపుకోవాలన్న ఆలోచన వచ్చేలోపే బయటికి వచ్చేసింది. ఆమె కంగారుగా వరలక్ష్మి వైపు తిరిగింది. వరలక్ష్మి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. నవ్వు ఆగక భుజాలు కదులుతున్నాయి.

నేల మీద పడి ఉన్న హర్షిణి ఆ ముఖం చూసింది, ఈ ముఖం చూసింది. మళ్ళీ తల్లి ముఖం చూసింది. పైకి లేచిన కాళ్ళు మెల్లగా నేలకు దిగాయి. ముందు గడ్డం వణికింది. తర్వాత నోరు వంకర తిరిగింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపు అంగడిలో ఉన్న లోకేశ్ దాకా వినబడింది. అతను తక్కెడ దగ్గర నుంచి లేచి నడుమ వాకిట్లోకి వచ్చి నిలబడిపోయాడు.

ఏడవొద్దని ఎవరూ అనలేదు. వరలక్ష్మి చేట పక్కన పెట్టి లేచింది. దెబోరా ఆమెకు దారి ఇచ్చి గోడ వైపుకు జరిగింది.